మా ఎస్తేరక్క, ఆ ఆదివారం అప్‌గ్రేడ్

నిన్న సాయంత్రం పెనుకొండ నుంచి ఫోన్. "బాషా, ఎస్తేరక్క పోయిందప్పా."

ఎవరూ అని మళ్ళీ అడిగాను. పేరు స్పష్టంగానే వినిపించింది. అయినా అడిగాను.

మొన్ననే కదా ఫోన్ చేసి తిట్టింది, షుగర్ టాబ్లెట్లు సరిగ్గా వేసుకోవడం లేదని. అంత హక్కుగా తిట్టే మనిషి ఇట్లా చెప్పాపెట్టకుండా పోతే ఎట్లా?

ఏమీ తోచడం లేదు. అందుకే రాస్తున్నాను. ఆమె ఎవరో మీలో చాలామందికి తెలియదు.

ధర్మవరంలో నేను పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో గీసేవాణ్ణి. ఆ డిజైన్‌ను బట్టే అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కితేనే చీర మీద అంచు పడుతుంది. మా కంపెనీ హెడ్డాఫీసు హిందూపురంలో, ఒక బ్రాంచి పెనుకొండలో, ఒకటి మా ఊళ్ళో.

అప్పటి హార్డ్ డిస్కులు చిన్నవి. పాత డిజైన్లను టేపుల్లోకి ఎక్కించి మా మిషన్లలోంచి తీసేసేవాళ్ళం. ఆ టేపులన్నిటికీ హిందూపురంలో ఒక బ్యాకప్ సర్వర్. ఏ డిజైన్ ఏ టేపులో ఉందో దాని డేటాబేస్‌కే తెలుసు. అది పోయిందంటే టేపులుండీ లేనట్టే.

ఆ సర్వర్‌ను చూసుకునేది ఎస్తేరక్క. పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చేది.

రెండువేల ఐదో, ఆరో. సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ బాగా పాతబడింది, డేటాబేస్ మొరాయిస్తోంది. రెండూ అప్‌గ్రేడ్ చేయాలి. దసరా అయ్యాక వచ్చే ఆదివారం పెట్టుకుంది. సోమవారం నుంచి పెళ్ళిళ్ళ ఆర్డర్లకు పాత డిజైన్లు బయటికి తీయాలి. అవి రాకపోతే మా ఊళ్ళో మగ్గాలు ఆగుతాయి. డిజైన్లు సరిచూడ్డానికి నన్నూ రమ్మంది.

పొద్దున్నే డేటాబేస్ కాపీ ఒక టేపు మీదికి తీసింది. చదివి చూసింది కూడా, బాగానే ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్ సాఫీగా ఎక్కింది. మేనేజర్ శేషయ్య సార్ సంతోషంగా టీ తెప్పించాడు.

టీ తాగుతుండగానే డేటాబేస్ అప్‌గ్రేడ్ సగంలో ఆగిపోయింది.

మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే ఎర్రర్. ఇప్పుడు కొత్తదీ తెరుచుకోదు, పాతదీ తెరుచుకోదు.

"భయపడాకండి, కాపీ ఉండాది కదా" అంటూ అక్క టేపు పెట్టింది.

టేపు చదివే డ్రైవ్ గర్రుమని అరిచి దాన్ని బయటికి తోసేసింది.

ఇన్నేళ్ళుగా నేను గీసినదంతా ఆ ఒక్క టేపు మీద ఆధారపడి ఉంది.

"ఇంగోసారి పెట్టి చూడమ్మా" అన్నాడు సార్.

"వద్దు సార్. టేపు నలిగితే ఇంగేం మిగల్దు."

"చెప్తాండా కదా, పెట్టు!"

అక్క ఆ టేపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఇవ్వలేదు. ఆమె సార్‌కు ఎదురు చెప్పగా చూడ్డం నాకదే మొదటిసారి.

టార్చి వేసి డ్రైవ్ లోపలికి చూసింది. ఎర్రటి పొడి. కుంకుమ.

దసరాకు ఆఫీసులో ఆయుధ పూజ చేశాం. శేషయ్య సార్ భక్తి అంతా ఇంతా కాదు, ఒక్క మిషన్నూ వదల్లేదు. మానిటర్లకు, ప్రింటర్‌కు, యూపీఎస్‌కు, అన్నిటికీ గంధం, కుంకుమ. అందరి కష్టం ఉండేది దాంట్లోనే అని టేప్ డ్రైవ్‌కు ఇంకాస్త ధారాళంగా పెట్టాడు. అంచులకు అంటుకున్న ఆ పొడి మెల్లగా లోపలికి దిగింది.

"బాషా, పెనుకొండ ఆఫీసులో ఇట్లాంటి డ్రైవే ఇంగోటి ఉండాది. పోయి ఎత్తుకోని రా. యాడా నిలబడాకు" అంది అక్క.

వెళ్ళాను. తిరుగు బస్సులో డ్రైవ్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది.

"ఏమప్పా, అంత గట్టిగా పట్టుకున్నావు, ఏముండాది దాంట్లో?" అన్నాడు కండక్టర్.

"మా ఊరి మగ్గాలు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి టికెట్ కొట్టి పోయాడు.

నేను వచ్చేసరికి సార్ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్క అదే కుర్చీలో, ఒళ్ళో టేపుతో.

డ్రైవ్ తగిలించింది. టేపు పెట్టింది.

చెడింది డ్రైవ్ ఒక్కటేనా, టేపు కూడానా? ఎవరికీ తెలియదు. ముగ్గురం డ్రైవ్ వైపే చూస్తూ నిలబడ్డాం.

పచ్చలైటు వెలిగింది. చదువుతోంది. పాత డేటాబేస్ వెనక్కి వచ్చింది.

"చాల్లేమ్మా, పాతదే ఉండనీ" అన్నాడు సార్, చేతులెత్తి దండం పెడుతూ.

"ఉండదు సార్. రేపో మాపో ఇదే పడిపోతాది."

అప్‌గ్రేడ్ మధ్యలో ఆగింది డిస్కులో జాగా చాలక అని కనుక్కుంది. జాగా చేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా పోయింది.

అయినా ఆమె "అయిపోయింది" అనలేదు. ఎవరి ఫైలో వాళ్ళు తెరిచి చూసుకుని బాగుంది అంటేనే ఆమెకు పని అయిపోయినట్టు.

"బాషా, నీ డిజైన్ ఒకటి చెప్పు. బాగా పాతది."

"రుద్రాక్షంచు" అన్నాను.

స్క్రీన్ మీదికి వచ్చింది. ఒక్కో గడీ చూసుకుంటూ పోయాను. ఒక్కటీ తప్పులేదు. బాగుందని తలూపాను.

అప్పుడు అక్క సార్ వైపు తిరిగింది.

"పూజ రోజే చెప్పాల్సింది సార్, దానికి పొడి తగలగూడదని. కిరస్తానీ మనిషి పూజకు అడ్డం చెప్తాందని అనుకుంటారేమోనని నోరు మూసుకోని ఉండిపోతి."

ఆ భయం ఎట్లాంటిదో నాకూ తెలుసు.

శేషయ్య సార్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నా కూతురు చెప్తే ఇంటా కదమ్మా. నువ్వు చెప్తే ఇననా?"

అక్క ఏడ్చేసింది. డేటాబేస్ పోయినప్పుడు కంట్లో తడి రాని మనిషి.

సోమవారం అట్టలు మగ్గాలెక్కాయి. ఆ చీరలు కట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళకు ఆమె పేరు తెలియదు. నేసినవాళ్ళకూ తెలియదు. బ్యాకప్ పని బాగా చేసేవాళ్ళు ఎవరికీ కనపడరు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఇదిగో, ఈరోజు అందరికీ చెప్పేశాను అక్కా. తిడతావేమో, తిట్టు.

ఇంక ఏ సర్వర్ దిగులూ పెట్టుకోకు. నీ ప్రభువు దగ్గర నిమ్మళంగా నిద్రపో.