వాలుగా, నేతముడీ, మా మామగారూ

పోయిన ఆదివారం మా బాల్కనీలో బట్టలారేసే తాడు తెగింది. తాడేపల్లిలో మేముంటున్న ఈ నాలుగో అంతస్తుకి కృష్ణ మీదనుంచి వచ్చే గాలి ఎక్కువ, ఆ గాలికి ఏ తాడూ ఏడాది ఆగదు. తెగిన రెండు కొసలూ కలిపి చటుక్కున ఒక ముడి వేసి, ఈ వయసులోనూ చెయ్యి బాగానే తిరుగుతోందని మురిసిపోతూ పేపరు పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ తడి దుప్పట్లు రెండు దానిమీద వేసి ఇటు తిరిగిందో లేదో, ముడి జారి దుప్పట్లతోపాటు నా పంచె కూడా నేలకి దిగింది. ప్లాస్టిక్ తాడు, చేత్తో తడిమితే నున్నగా జారిపోతోంది. ఆవిడ తాడు కొస పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "అరవై ఏళ్ళు దాటిందండీ. ఇంకా ఒక్క చుట్టేనా?" అంది. నాకు నవ్వాగలేదు, ఆవిడకీ ఆగలేదు. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే, కృష్ణ బరాజు కింది మడుగులో మా మామగారిని మూడేళ్ళు ఏడిపించిన వాలుగ చేప.

నేను చీరాలలో నేతవాళ్ళింట పుట్టాను. నా పదో ఏట నాన్న పోయారు, నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది అమ్మ పోయింది. మంగళగిరి బడిలో లెక్కల మాస్టారుగా చేరి, అక్కడి నేతవారింటి అమ్మాయినే చేసుకున్నాను. ఇది అరవైల మొదట్లో మాట. కొత్త అల్లుడికి జరిగే మర్యాదలు ఎలా ఉంటాయో పడ్డవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ నాది. మా మామగారు నాకంటే పాతికేళ్ళు పెద్ద, అయినా నేను వసారాలోకి రాగానే మగ్గం ఆపి లేచి నిలబడేవారు. నేను ఎదురుగా ఉండగానే, "అల్లుడుగారు కాఫీ తాగారంటమ్మా?" అని మా ఆవిడని అడిగేవారు. బడిలో మాస్టారుగారు, వీధిలో మాస్టారుగారు, ఇంట్లో అల్లుడుగారు. ఇరవైనాలుగేళ్ళకే ఈ 'గారు' నన్ను పట్టుకుని వదల్లేదు. అమ్మ పోయాక నన్ను ఒరేయ్ అని పిలిచే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పిలుపుకి నేను మొహంవాచి ఉన్నాను. పక్కింటాయన తన కొడుకుని "ఒరేయ్ అడ్డగాడిదా" అని తిడుతుంటే గోడకి ఇవతల నిలబడి అసూయపడేవాణ్ణి. మా మామగారి చేత ఒక్కసారి అలా పిలిపించుకోవాలని నాకు గట్టి కోరిక. కానీ అది అడిగి పుచ్చుకునే వస్తువు కాదు గదా.

అమావాస్యనాడు మంగళగిరిలో మగ్గం ఆడేది కాదు, ఆ రోజు మగ్గం గుంటలో కాలు పెట్టకూడదని నియమం. మిగతా నేతవాళ్ళకి అది సెలవు, మా మామగారికి పండగ. తెల్లవారుతూనే సైకిలుకి రెండు వెదురు గాలపు కర్రలు కట్టుకుని, వెనక బుట్ట పెట్టుకుని కృష్ణకి బయల్దేరేవారు. బరాజు కట్టి అప్పటికి కొద్ది ఏళ్ళే అయింది. దాని తలుపుల్లోంచి దూకిన నీళ్ళు దిగువన ఇసుకని తవ్వి పెద్ద పెద్ద మడుగులు చేశాయి. ఎండాకాలంలో నది సన్నటి పాయలైపోయినా ఆ మడుగుల్లో నీళ్ళు నల్లగా, నిలువులోతున ఉండేవి. పెద్ద చేపలన్నీ అక్కడే చేరేవి.

ఆయన సరంజామా గురించి చెప్పకపోతే నాకు తోచదు. గాలపు దారం ఆయన బజార్లో కొనేవారు కాదు. చీరకి పనికిరాని నూలు పోగులు పన్నెండు కలిపి, రాట్నం మీద పురిపెట్టి, తుమికి కాయల రసంలో మూడు రోజులు నానబెట్టి ఆరవేసేవారు. ఆ రసం పట్టిన దారం ఎర్రగా గట్టిపడి నీళ్ళలో కుళ్ళేది కాదు. చేపని బట్టి ఎర, ఎరని బట్టి గాలం, గాలాన్ని బట్టి నీళ్ళ మీద తేలే బెండు. "శీలావతి సంసారండీ అల్లుడుగారూ, తవుడూ బెల్లం ముద్ద పెడితే నెమ్మదిగా వచ్చి తింటది. దానికి నెమలి ఈక కాడ బెండు చాలు. కొరమేను కోపిష్టి. కప్పపిల్లని నాచు మీద గెంతించామంటే ఆగలేదు. వాలుగ దొంగండీ. దానికి బతికున్న పరిగె చేపని గుచ్చాలి, జీలుగు బెండు కట్టాలి, అంతకంటే ముందు మనం నోరు మూసుకోవాలి" అనేవారు. గాలాలన్నీ పాత పొడుం డబ్బాలో దాచేవారు. మా అత్తగారికి చాటుగా పొడుం పీల్చే అలవాటుందన్న సంగతి ఆవిడ వేలికి వాలుగ గాలం గుచ్చుకున్ననాడే ఇంట్లో అందరికీ తెలిసిందట.

నేనూ వస్తానంటే కాదనలేక తీసుకెళ్ళారు గానీ, అక్కడా మర్యాదే. తుమ్మచెట్టు కింద తువ్వాలు పరిచి, "మీరు నీడన కూర్చోండి" అని తను మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేవారు. రెండు అమావాస్యలు అలా పెళ్ళివారి పెద్దలాగా కూర్చున్నాను. ఆ మడుగులో ఒక ముసలి వాలుగ ఉందనీ, మూడేళ్ళుగా దారం తెంపుకుని పోతోందనీ అప్పుడే చెప్పారు. వాలుగ పళ్ళు ఆకురాయి వంటివి, వాటికి రాసుకుంటే నూలు దారం అరిగి పుటుక్కుమంటుంది. ఇది విన్న మర్నాడే బెజవాడ వెళ్ళి కొత్తగా వస్తున్న నైలాను దారం ఒక చుట్ట కొనుక్కొచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. "కంటికి కనపడని దారాన్ని నమ్మేదెట్టాగండీ?" అన్నారు. "చేపకీ కనపడదు కదా మామయ్యగారూ" అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చింది. కర్రవైపు ఆయన నూలు దారం, గాలం వైపు రెండు బారల నైలాను అని ఒప్పందం కుదిరింది. మూడో అమావాస్యనాడు మడుగు ఒడ్డున రెంటినీ కలిపే ముడి నేను వేస్తానన్నాను. మీకెందుకండీ శ్రమ అన్నారు. నేనూ మగ్గం పక్కనే పుట్టానండీ అని కొసలు లాక్కున్నాను.

నేతముడి అంటే తెగిన పోగుని రెప్పపాటులో అతికే ముడి. ఒక కొస బొటనవేలి మీద, రెండో కొస దాని కింద, ఒక చుట్టు, ఒక లాగు, అంతే. మగ్గం పళ్ళ సందులోంచి కూడా తట్టుకోకుండా పోయేంత చిన్నగా ఉంటుంది. మా వాళ్ళకి నడక కంటే ముందు అదే వస్తుంది. నేను ఆయన చూస్తుండగా కావాలనే కళ్ళు పక్కకి తిప్పి వేసి చూపించాను. మామగారు రెండువైపులా గుంజి చూసి, "అల్లుడుగారి చెయ్యి మగ్గాన్ని మర్చిపోలేదు" అన్నారు. ఆ మాటకి ఆ పూట నాకు ఆకలి వెయ్యలేదు.

అదే పూట పడింది వాలుగ. జీలుగు బెండు ముందు ఒకసారి వణికింది. తర్వాత పక్కకి జరిగింది. ఆ తర్వాత ఇక బెండు లేదు, నీళ్ళలోకి దిగిపోయింది. మామగారు ఒక్క గుంజు గుంజారు, వెదురు కర్ర విల్లులా వంగింది. నేను తువ్వాలు వదిలేసి నీళ్ళలోకి పరిగెత్తాను, చెప్పులు ఎక్కడ పోయాయో కూడా చూడలేదు. దారం నీళ్ళని కోసుకుంటూ మడుగు ఆ చివరికి పోతోంది, మళ్ళీ ఇటు వస్తోంది, మామగారు కర్రతోపాటు ఒడ్డంతా నడుస్తున్నారు. చివరికి అది అలిసి పైకి తేలింది. పొలుసు లేని తెల్లటి ఒళ్ళు, చెంపల దాకా చీలిన నోరు, రెండు పొడుగాటి మీసాలు. నా చెయ్యంత పొడుగుంటుందనుకున్నదల్లా నా నడుం దాకా వచ్చేలా ఉంది. ఇంకో రెండు బారలు, అంతే. అప్పుడది తల ఒక్కసారి విదిలించింది. కర్ర నిటారుగా లేచిపోయింది. మామగారు దారం లాగి చూసుకుంటే నూలు కొస తెగలేదు, అరగలేదు, నేను మడిచిన మడత మడతలాగే ఉంది. దాంట్లోంచి నైలాను మాత్రం జారిపోయింది.

ఆ కొసని ఆయన కర్రకి చుట్టేశారు. తర్వాత నా వైపు తిరిగి, "పోనీలెండి అల్లుడుగారూ, చేపన్నాక పోతది. తమరు తడిసిపోయారు, జలుబు చేస్తదేమో" అన్నారు. మూడేళ్ళ చేపని నా డాబుసరి ముడి పోగొడితే ఆయన నా జలుబు గురించి అడుగుతున్నారు. కొడుకయితే కర్ర తిరగేసి రెండు తగిలించేవారే. నిజంగా చెబుతున్నాను, ఆ రెండూ తగిలించి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. ఇంటికొచ్చేసరికి మా అత్తగారు చేపల పులుసుకి చింతపండు నానేసి, మసాలా నూరి సిద్ధంగా ఉన్నారు. ఆ పూట దాంట్లో వంకాయలు వేశారు.

ఆ సాయంత్రం మా ఆవిడ చుట్టలో మిగిలిన నైలాను దారం తీసుకుని, "ఇది నూలు కాదుగా, నూలుకేసినట్టు వేస్తే ఎట్టా? పట్టుపోగుకి వేసినట్టు ఇంకో చుట్టు తిప్పాలి" అంది. చీరాలలో మా ఇంట్లో నూలే గానీ పట్టు ఎరగం. వీళ్ళింట్లో చీర అంచుకి పట్టు కలిపి నేసేవాళ్ళు, అందుకని ఆవిడ వేళ్ళకి తెలుసు. నాకు నమ్మకం కుదరక పందెం వేశాను. పెరట్లో దూలానికి నైలాను కట్టి, నా ముడితో నూలు తాడు అతికి, దానికి నీళ్ళ బిందె వేలాడదీశాం. నాలుగు ఊపులు ఊపేసరికి బిందె కిందపడి నీళ్ళు నా మీదే పడ్డాయి. ఆవిడ ముడితో కడితే పొద్దున్నే లేచి చూసినా బిందె అలాగే వేలాడుతోంది. బిందెకి పడిన సొట్టని మాత్రం మా అత్తగారు ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

తర్వాతి అమావాస్యకి మా ఆవిడ వేసిన ముడితో వెళ్ళాం. పొద్దెక్కే దాకా ఏమీ లేదు. మామగారు చుట్ట వెలిగించుకోవడానికి గాలికి రెండు చేతులూ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చి, "ఒక్క నిమిషం పట్టుకోండి అల్లుడుగారూ" అని కర్ర నాకిచ్చారు. అగ్గిపుల్ల గీశారు. అంతలో బెండు మాయమైంది.

నేను గట్టిగా వెనక్కి లాగాను. కర్ర నా చేతుల్లోంచి ఊడిపోబోయింది. వెనకనుంచి ఒక కేక వినపడింది. "ఒరేయ్, లాగమాకరా! వదులు, వదులు. దాన్ని పోనియ్యరా సన్నాసీ, తెంపుతావా ఏంది?" నేను వెనక్కి తిరిగి చూడబోయాను. "నన్ను చూస్తావేందిరా, బెండుని చూడు. ఇప్పుడు లాగు. నెమ్మదిగారా, నెమ్మది. కుడికి నడువు. నీ కుడి ఏదిరా?" ఆయన చుట్ట నీళ్ళలో తేలిపోతోంది. చేప అటు గుంజుతోంది, ఆయన ఇటు తిడుతున్నారు, నేను మధ్యన నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. ఎంతసేపు జరిగిందో చెప్పలేను. ముడి మాత్రం కదల్లేదు. చివర్న వాలుగ ఒడ్డు దగ్గరికి రాగానే ఆయన పంచెతో సహా నీళ్ళలో పడి, దాన్ని రెండు చేతులా గుండెకి కావలించుకుని బయటికొచ్చారు. ఇద్దరం ఇసుకలో కూలబడ్డాం. అప్పుడు ఆయన నా మొహం చూశారు, తన మాటలు గుర్తుతెచ్చుకున్నారు, గబగబా లేచి నిలబడ్డారు. "తప్పయిపోయింది అల్లుడుగారూ. ఊపులో నోరు జారింది. మీరేమీ అనుకోమాకండి" అన్నారు, చేతిలో చేప ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఫరవాలేదండీ అన్నాను.

ఆ చేప బుట్టలో పట్టలేదు. సైకిలుకి అడ్డంగా కడితే దారంతా తోక వెనక చక్రానికి తగులుతూనే వచ్చింది, ఆ రాత్రి మా వీధిలో సగం ఇళ్ళు దాని పులుసే తిన్నాయి. అది పాత వాలుగేనని మామగారు, దాని నోట్లో మా పాత గాలం ఏదీ అని నేను, చివరిదాకా వాదించుకున్నాం. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు, ఆయన కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం, ఎండాకాలపు అమావాస్య ఒక్కటీ తప్పకుండా ఆయనతో వెళ్ళాను. ఎప్పుడూ అదే వరస. బెండు మునగగానే ఒరేయ్, చేప బుట్టలో పడగానే అల్లుడుగారు. చేప పడని రోజు రోజంతా అల్లుడుగారే. మా అల్లుడుగారికి చేపలంటే పిచ్చి అని ఆయన ఊళ్ళో అందరికీ చెప్పుకునేవారు, నేనూ కాదనలేదు.

మొన్న ఆదివారం మా ఆవిడ ప్లాస్టిక్ తాడుకి ఇంకో చుట్టు తిప్పి ముడి బిగించి, దుప్పట్లు మళ్ళీ ఉతికి ఆరేసింది. నేను ఆ ముడి దగ్గరే నిలబడి కింద కనపడే కృష్ణ వంక చూశాను. అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గర్నుంచి మందుల షాపతను దాకా ఇప్పుడు నన్ను అందరూ గారూ అనే పిలుస్తారు. ఇన్నేళ్ళలో కాలం నాకు ఎన్ని గార్లయినా తగిలించింది గానీ, ఒరేయ్ అనేవాళ్ళని మాత్రం ఒక్కొక్కరినే తీసుకుపోయింది.