మూడు గాట్ల చెక్క గొట్టం

ఉద్యోగంలో నాకది ఆఖరి ఏడాది. నవంబరు వానలు తెరిపిచ్చిన వారంలో కోట అనే ఊరికి డ్యూటీ వేశారు. నెల్లూరులో ఒక పాత మిషన్ ఆసుపత్రి దాచుకున్న వైద్య చరిత్ర సేకరణకు నేను క్యూరేటర్‌ను. అంటే వెనకటి ఆపరేషన్ కత్తులు, మందుల సీసాలు, కాన్పుల రిజిస్టర్లు, వీటన్నిటికీ కాపలా. నగరంలోని ఒక మ్యూజియం వారు తీరప్రాంతపు కాన్పుల చరిత్ర మీద సంచార ప్రదర్శన తలపెట్టి, మొదటి మజిలీగా కోటలో ఒక కల్యాణ మండపం తీసుకున్నారు. మా దగ్గర పదకొండు వస్తువులు అరువడిగారు. వాటితోపాటు వ్యానులో నేనూ వెళ్లాలి. అరువిచ్చిన చోటి మనిషి, వస్తువును అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసేదాకా దాని పక్కనుంచి కదలకూడదు. మా వృత్తిలో దీన్ని కొరియర్ డ్యూటీ అంటారు. పెళ్లికూతురి వెంట అత్తవారింటికి తోడెళ్లే పెద్దమ్మ పని అనుకోండి.

ఇందులో అసలు పని కండిషన్ రిపోర్టు. వస్తువు బయల్దేరే ముందు దాని మీది ప్రతి గీతా, ప్రతి పగులూ కొలిచి రాసి, ఫొటో తీసి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ సంతకాలు చేస్తారు. తిరిగొచ్చాక అదే కాగితం ముందు పెట్టుకుని మళ్లీ చూస్తారు. కొత్త గీత కనబడిందా, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్లలో నా రిపోర్టుల్లో ఒక్క కొట్టివేత కూడా లేదని నాకు మహా గొప్ప. ఈగ వాలినా రాసేస్తుందని ఆఫీసులో నా వెనక నవ్వుకునేవారు. నా ముందర నవ్వినా నాకేం నొప్పి లేదు.

తొమ్మిదో వస్తువు జానెడు చెక్క గొట్టం. గర్భిణి పొట్ట మీద వెడల్పు కొస ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటారు. దాని గురించి నేను రాసింది ఇది: 'వెడల్పు అంచున పక్కపక్కనే మూడు గాట్లు. దెబ్బ. వాడినవారు: తెలియదు.'

మేం కోట చేరిన మర్నాడే ప్రారంభం. చేరిన రోజు, ప్రదర్శన పనులు చూసే మ్యూజియం అధికారి శ్రీధర్ గారు దీపాలు సర్దిస్తుండగా, మంగమ్మ అనే ఆవిడ తలమీద వల పెట్టుకుని వచ్చింది. కోటకు తూర్పున సముద్రం ఒడ్డు ఊరామెది, అరవై దాటి ఉంటాయి. గుమ్మం దగ్గర వేలాడదీయడానికి ఒక వల కావాలని శ్రీధర్ గారు అడిగితే తమ్ముడి వల తెచ్చింది. దాన్ని కింద దించి, గోడల మీది ఫొటోలన్నీ ఒక చుట్టు చూసి వచ్చి నిలదీసింది.

"ఇంతమంది దొరల పటాలు, డాక్టరమ్మల పటాలు పెట్టినారు. మా అమ్మ యాడ సార్?"

వాళ్లమ్మ పోలమ్మ మా ఆసుపత్రిలోనే శిక్షణ పొందిన మంత్రసాని. చదువు రాదు. నలభై ఏళ్లు ఆ ఊళ్లో కాన్పులు చేసింది. మంత్రసానుల శిక్షణ పథకం ఆగిపోయినప్పుడు ఆసుపత్రి వాళ్లు అందరి సామానూ వెనక్కి తీసుకున్నారట. ఆవిడ పోయి చాలాకాలమైంది, ఫొటో ఒక్కటీ లేదు.

"పటం లేకపోతే పాయె, పేరన్నా రాయండి. మా ఊళ్లో సగం మందిని బయటికి లాగింది ఆమే. రేపు ఊరంతా వస్తా ఉండారు. ఆమె పేరే లేకపోతే వాళ్లొచ్చి ఏం చూడాల?"

నేను అందుకున్నాను. లేబుల్ మీద మనిషి పేరు ఎక్కాలంటే ఫలానా వస్తువు ఫలానా వారిదేననడానికి ఆధారం ఉండాలి, నోటి మాట చాలదు అని చెప్పాను. రూలు చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. ఆవిడ మొహం చిన్నబోయింది. "సరేలేమ్మా, మీ రూలు మీది" అని వల విప్పడానికి కూర్చుంది. నాకు మనసు చివుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వల కూడా అరువు వస్తువే, దానికీ రిపోర్టు కావాలి. శ్రీధర్ గారికి తీరిక లేక నన్ను రాయమన్నారు. చిరుగులు లెక్కపెడతానని వల దగ్గరికి లాక్కున్నానో లేదో, మంగమ్మ పకపకా నవ్వింది.

"వలకు చిల్లులు లెక్కపెడతావా తల్లీ! ఈ నెలంతా ఈడే కూచుంటావా?"

నేనూ నవ్వేసి, తేలడానికి కట్టే బెండ్ల దగ్గరికి వచ్చాను. ఇచ్చేవారికి చదువు రాకపోతే, వేలిముద్ర తీసుకునే ముందు రాసింది చదివి వినిపించాలి. వినిపించాను: 'బెండ్లు ఇరవై. ప్రతిదాని మీదా పక్కపక్కనే మూడు గాట్లు. దెబ్బ.'

"దెబ్బేందమ్మా!" అని కసిరింది. "అది మా పుట్టింటి గుర్తు. సముద్రంలో వలలు కలిసిపోతాయి గదా, ఎవురి బెండు ఎవురిదో ఎట్ట తెలస్తాది? ఇంటికో గుర్తు ఉంటాది. మాది మూడు గాట్లు."

నా పెన్ను ఆగిపోయింది. వెళ్లి, చేతులకు తొడుగులు వేసుకుని, తొమ్మిదో వస్తువు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. అదేమిటో చెప్పలేదు. గుర్తుపట్టాల్సిన మనిషికి మనం మాట అందించకూడదు. ఆవిడ వట్టి చేత్తో గొట్టం తీసేసుకుంది. ఇంకో రోజైతే మండపం ఎగిరిపోయేలా అరిచేదాన్ని, ఆ రోజు ఆవిడ వేళ్ల వంకే చూశాను. గాట్ల మీద బొటనవేలు పెట్టి, "మా అమ్మ బూర" అంది.

ఒక పక్క కళ్లనీళ్లు, ఒక పక్క నవ్వు. శిక్షణలో అందరికీ ఒకే రకం గొట్టాలిచ్చారట. కడిగి ఒకేచోట ఆరబెడితే కలిసిపోయేవట. పోలమ్మ ఇంటికొచ్చి గోల చేస్తే, భర్త వలకత్తి తీసి బెండుకు పెట్టినట్టే గాట్లు పెట్టిచ్చాడట. నేను వెంటనే నెల్లూరు ఆఫీసుకు ఫోన్ చేశాను. శిక్షణ రిజిస్టర్లో పోలమ్మ పేరు, ఆ ఊరి పేరు, ఎడమ బొటనవేలి ముద్ర ఉన్నాయని గుమాస్తా చదివి చెప్పాడు. శ్రీధర్ గారు బెండునూ గొట్టాన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీశారు. నేనడిగిన ఆధారం నా చేతుల్లోనే ఉంది. దాన్ని దెబ్బ అని రాసింది నేనే.

సంతకాలైన రిపోర్టులో మార్పు చేయాలంటే ఇద్దరూ మళ్లీ పొడి సంతకాలు పెట్టాలి. 'దెబ్బ' కొట్టేసి 'వాడినవారి ఇంటి గుర్తు' అని రాశాను. 'తెలియదు' కొట్టేసి 'పోలమ్మ, మంత్రసాని' అని రాశాను. ముప్పై ఏళ్ల రికార్డు పోయింది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. లేబుల్ అచ్చుకిచ్చే వ్యవధి లేదని చేత్తోనే రాశాను. మంగమ్మ మూడుసార్లు చదివించుకుని, "ఇంకా పెద్దచ్చరాలతో రాయమ్మా, మా వోళ్లకు చూపు తక్కువ" అంది. మళ్లీ రాశాను.

మర్నాడు ఆటోల్లో ఊరు ఊరంతా దిగింది. తొమ్మిదో పెట్టె దగ్గర తోపులాట. ఒక మీసాలాయన "నన్ను లాగింది కూడా ఈ యమ్మే" అన్నాడు. మంగమ్మ ఊరుకుంటుందా? "నువ్వు కాళ్లు ముందు పెట్టి వచ్చినావంట, మా అమ్మకు చెమటలు పట్టించినావు" అని అందరిలో పరువు తీసింది.

నెల్లూరు తిరిగొచ్చిన రోజే బీరువా తెరిచాను. అలాంటి గొట్టాలు ఇంకా ఏడున్నాయి. ఒకదానికి ఇంటూ గుర్తు, ఒకదానికి రెండు చిల్లులు, ఇంకోదానికి ఏటవాలు గీత. ఏడింటికీ నా చేతిరాతే: దెబ్బ, దెబ్బ, దెబ్బ. ఫొటోలు పట్టుకుని తీరం ఊళ్లు తిరిగితే, రిటైరయ్యేలోగా ఐదింటికి పేర్లు దొరికాయి. మిగతా రెండూ నా తర్వాత వచ్చిన వారికి అప్పగించాను.

కళ్లతో చూసి కొలవడం నాకు బాగా వచ్చు. అడగడం రాదని కోటలో తెలిసింది. ఆ తర్వాత మా కండిషన్ రిపోర్టు ఫారంలో 'దెబ్బలు' అనే గడి పక్కన ఇంకో గడి కలిపాను: 'రాసే ముందు ఎవరిని అడిగారు?' ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం మీద నేను సంతకం పెట్టలేదు.