సాంచాలు ఆగిన ఆదివారం

సూరత్‌లో నేను పన్నెండేళ్లు ఉన్నాను. ఆ ఊరి గురించి ఎవరేం అడిగినా తడుముకోకుండా చెప్పగలను, ప్రశ్న మా గల్లీ దాటనంతవరకు. ఏడో తరగతిలో నేను బడి మానేస్తుంటే మా సారు, "వీడికి భూగోళం ఈ జన్మకు రాదు" అన్నాడు. ఆయన మాట పోకుండా చూడటానికి నేను పడిన కష్టం ఇంతా అంతా కాదు. అంత పెద్ద ఊళ్లో గది, కార్ఖానా, మెస్సు, చాయ్ బండి, ఈ నాలుగింటి మధ్యే పన్నెండేళ్లు తిరిగాను.

మాది సాంచాల మీద పని. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. ఊళ్లో ఉధనా అనే పేట వెనక గల్లీల నిండా రేకుల షెడ్లు, ప్రతి షెడ్డులో వరసగా సాంచాలు. పన్నెండు గంటల పాలీ, అంటే షిఫ్టు. ఆ మోతలో నోటి మాట పక్కవాడికి కూడా వినపడదు గనక చేతులతో మాట్లాడుకుంటాం. దారం తెగితే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తాం. చాయ్ కావాలంటే బొటనవేలు పెదవికి తాకిస్తాం. సేఠ్ వస్తున్నాడంటే పొట్ట ముందు ఒక పెద్ద సున్నా చుడతాం. పాలీ దిగాక ఊరు చూడాలని ఎవడైనా అన్నాడంటే వాడు కొత్తగా వచ్చినవాడని గుర్తు.

నేను ఊరు చూడలేదన్న సంగతి నా భార్యకు తెలియదు. పెళ్లయిన నాలుగేళ్లూ ఆమె ఊళ్లో, నేను ఇక్కడ. రోజూ ఫోన్‌లో ఆమెకు సూరత్‌ను వర్ణించేవాణ్ణి. పొద్దున లోచో తిన్నానని, సాయంత్రం తాపీ నది వంతెన మీద గాలికి నిలబడ్డానని, దుమస్ సముద్రం ఒడ్డున టమాటా బజ్జీలు తిన్నానని. అవన్నీ జరిగినవే. కాకపోతే తిన్నదీ నిలబడ్డదీ నా పక్క సాంచా మీద పనిచేసే ఒడియా అతను. అతను చూసొచ్చిన ఊరిని నేను ఫోన్‌లో అమ్ముకునేవాణ్ణి. అందులో సగం అతను సాంచాల మోతలో చేతులతో చెప్పినవే. అందుకే సముద్రం ఎంతుంటుందో నాకు తెలిసినంత వరకు అతను రెండు చేతులు చాపినంత.

"సముద్రం ఎట్లుంటది?" అని ఆమె ఒకసారి అడిగింది.

"మస్తుంటది. నీళ్లుంటయ్" అన్నాను.

కరోనా పేరు టీవీల్లో అప్పుడప్పుడే వినపడుతున్న రోజుల్లో, ఒక నెల ఉండి పోదామని ఆమె సూరత్ వచ్చింది. రైలు దిగి సంచి నా చేతికిస్తూ, "ఏది, చూపియ్ నీ సూరత్" అంది. వచ్చే సెలవుకు అన్నాను. ఆ సెలవు వస్తే ఆ పై సెలవుకు అన్నాను. ఇంతలో లాక్‌డౌన్ పడింది. అందరూ భయంతో తలుపులు మూసుకుంటుంటే లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నవాణ్ణి ఆ గల్లీలో నేనొక్కణ్ణే అనుకుంటాను. గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి కాదు.

సాంచాలు ఆగిపోయాయి. ఎండాకాలంలో పనివాళ్ల కోసం రైళ్లు వేసినప్పుడు మావాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మన పేర్లూ రాయిస్తానన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నేను సూరత్ చూడనీకి వచ్చిన. ఇప్పటిదాంక నాలుగు గోడలు చూసిన, నిన్ను చూసిన. గీ రెండు మనూళ్ల గూడ ఉన్నయ్. ఊరు చూడంది నేను రైలెక్క."

అలా మేం ఉండిపోయాం. పన్నెండేళ్లు మోతలో బతికినవాణ్ణి కదా, నిశ్శబ్దంలో ఎలా మాట్లాడాలో మర్చిపోయాను. "ఉప్పు యాడుందే?" అని అరిచేవాణ్ణి. "గీడనే ఉన్ననయ్యా, నీ కార్ఖానల లేను" అనేది ఆమె.

మా ఎదురింట్లో ఒక గుజరాతీ పెద్దావిడ ఉండేది. గల్లీ అంతా ఆమెను మాసీ, అంటే పిన్ని, అనేది. తన మెట్ల మీద మాసీ, మా గడపలో నా భార్య, మధ్యలో గల్లీ, మూతులకు గుడ్డలు. మాసీ చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. ఆ పని నేర్పింది. పనితోపాటు భాష కూడా వచ్చేసింది. పన్నెండేళ్లలో నాకొచ్చిన గుజరాతీ "కేమ్ ఛో" అని క్షేమం అడగడం, "మజామా" అని బాగున్నాననడం, అంతే. అవతలివాడు మూడో మాట ఎత్తితే చాయ్ గ్లాసులోకి తల దూర్చేవాణ్ణి. ఈమె మూడు నెలలు తిరగకుండా మాసీతో కోడళ్ల గురించి గుజరాతీలో మాట్లాడింది. ఒక భాషలో కోడళ్ల గురించి మాట్లాడగలిగితే ఇక ఆ భాషలో నేర్చుకోవాల్సింది ఏమీ మిగలనట్టే.

అక్కడ మొదలైంది నా కుళ్లు.

ఊరు కొద్దికొద్దిగా తెరిచాక మాసీ ఆమెను వెంటబెట్టుకుని రింగ్ రోడ్డు మార్కెట్‌కు వెళ్లసాగింది. రాళ్లంటించిన చీరలు ఇచ్చి, కొత్తవి తెచ్చుకోవడం పని. పోయింది చీరల కోసమే అయినా ఆమె మూటతోపాటు ఊరిని కూడా కొంచెం కొంచెం తెచ్చేది. ఏ ఆటో ఎక్కడ ఆగుతుందో, ఏ గల్లీలో జరీ పనివాళ్లుంటారో, ఏ బండి మీద చట్నీ బాగుంటుందో. పని లేక చాప మీద పడుకుని నేను వినేవాణ్ణి. నాలుగేళ్లు ఫోన్‌లో నేను చెప్పిన కథ ఇప్పుడు నాకే చెబుతోంది. పైగా నిజాలు చెబుతోంది. అది మరీ ఓర్వలేకపోయాను.

ఒకరోజు కాగితం పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

"గిది లోచో. నువ్వు చెప్పిన తీరు లేదు. కరకరలాడుతదన్నవ్ గదా ఫోన్ల?"

పొట్లంలో ఉన్నది మెత్తగా, జావలా జారుతోంది. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి చేసే ఖమణ్‌ను గట్టిపడకముందే దించేస్తే అయ్యేదే లోచో అట. పైన నూనె, కారం, కారప్పూసలాంటి సన్న సేవ్, ఉల్లిపాయ ముక్కలు.

"అది వేరే దుకాణంది" అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసి, సేవ్ నా వైపుకు జరిపింది. ఏమైనా అని ఉంటే తిరిగి నేనూ ఒక మాట అనేవాణ్ణి. తిన్నాను. చాలా బాగుంది. బాగా లేకపోయినా కొంత ఊరట ఉండేది. ఈ ఊళ్లో కుదరని పిండికి కూడా ఇంత గిరాకీ ఉంది, కుదరని నాకే లేదనుకుంటూ వేళ్లు నాకాను.

వానలు తగ్గాక ఒక శనివారం తెగించి చెప్పేశాను. "రేపు నేను తోల్కపోత. మాసీ వద్దు, ఎవ్వలొద్దు. ముందట నేను నడుస్త, నువ్వు ఎనక రా." ఆ ఒక్క రోజు సరిగ్గా నడిపిస్తే నాలుగేళ్ల అబద్ధాలు నిజాలైపోతాయని నా లెక్క. ఆమె కళ్లలో నేను సూరత్ తెలిసినవాడిగా మిగలడానికి అదే ఆఖరి అవకాశం.

ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, మాస్కు కట్టుకుని బయల్దేరాను. పెద్ద రోడ్డుకు గల్లీల్లోంచి అడ్డదారి నాకు తెలుసు. మొదటి మూలలో తిరిగాను, రెండో మూలలో తిరిగాను, మూడో మూలలో ఆగిపోయాను. ఎటు చూసినా మూసిన షట్టర్లు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

నా తప్పు అప్పుడు అర్థమైంది. ఆ దారిని నేను ఏనాడూ కళ్లతో చూడలేదు. చెవులతో నడిచేవాణ్ణి. నీళ్లతో నేసే కొత్త సాంచాల బుసబుస వినపడితే కుడికి. పాత సాంచాల టకాటకా రాగానే ఎడమకు. ఎంబ్రాయిడరీ మిషన్ల చిటచిట దగ్గరపడితే పెద్ద రోడ్డు వచ్చినట్టు. పనివాళ్లు లేక సగం కార్ఖానాలు అప్పటికింకా తెరవలేదు, తెరిచినవి ఆదివారం మూసేశారు. చప్పుడు పోయింది, దానితోపాటు నా దారీ పోయింది.

"ఏందయ్యా, ఆగినవ్?"

"గాలికి" అన్నాను.

ధైర్యంగా ఎడమకు తిరిగాను. ఇంకో ఎడమకు. ఇరవై నిమిషాలు నడిచాక ఎక్కడో చూసినట్టున్న మెట్లు కనిపించాయి. వాటి మీద కూర్చుని మాసీ చిక్కుడుకాయలు తుంచుతోంది. మా ఇల్లు. వెనకవైపు నుంచి వచ్చాం.

మాసీ తలెత్తి, "ఇత్నీ జల్దీ ఘూమ్ ఆయే?" అంది. ఇంత తొందరగా ఊరంతా తిరిగొచ్చారా అని.

నా భార్య నవ్వలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, "జర నా ఎంబడి రా" అంది. అయిదు నిమిషాల్లో పెద్ద రోడ్డు మీద ఉన్నాం.

అక్కడైనా పైచేయి సాధిద్దామని నేను ముందుకు పోయి ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడ్డాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి. మూడోది వస్తుంటే చెయ్యెత్తి ఊపాను. ఆమె నా మోచేయి పట్టుకుని రోడ్డు దాటించి, నడిమధ్యలో ఉన్న అద్దాల స్టాండులోకి తీసుకుపోయింది. ఆ బస్సుకు రోడ్డు మధ్యలో తన దారి తనకు వేరే ఉంది. అక్కడే ఎక్కాలి. ఇన్నాళ్లుగా ఆ అద్దాల గదులను చూసి ఏదో బ్యాంకు అనుకున్నాను.

ఉధనా దర్వాజా దగ్గర దిగాక షేర్ ఆటోవాడు ఆమెను చూసి, "బెన్, చౌక్?" అని అక్కను పలకరించినట్టు అడిగాడు. నన్ను చూసి, "భాయ్, మాస్కు పైకి" అన్నాడు. చౌక్ నుంచి ఇంకో ఆటోలో నది దాటి రాందేర్ చేరాం. అక్కడ ఆలూపూరీ బండి. అరచేతిలో పట్టే చిన్న పూరీల మీద ఆలుగడ్డ, బఠాణీ కూర, దాని మీద పుల్లటి చట్నీ, ఉల్లిపాయలు, సేవ్. బండివాడు నా భార్యను చూడగానే ముఖమంతా విప్పుకుని, ఇవాళ మాసీ రాలేదా అని అడిగాడు.

ఆమె ముఖం సగం గుడ్డ కిందే ఉంది. అయినా కళ్లు చూసి గుర్తుపట్టాడు. పన్నెండేళ్లు పూర్తి ముఖం తెరుచుకుని తిరిగాను ఈ ఊళ్లో, ఒక్కడంటే ఒక్కడు గుర్తుపట్టాడా? పూరీ గొంతు దిగలేదు. దిగిందిలే, కానీ కుళ్లుకుంటూ దిగింది.

బండివాడు నన్ను చూపించి ఏదో అడిగాడు. ఆమె గుజరాతీలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. వాడు నా ప్లేటులో అడక్కుండానే ఇంకో పూరీ వేశాడు.

"ఏమన్నవ్ వానితోని?"

"మా ఆయన, ఊరికి కొత్త, ఇయ్యాల్నే చూస్తుండు అన్న."

"కొత్తనా? పన్నెండేండ్లాయె నేనొచ్చి!"

"గట్ల చెప్తె వాడు ఇంకో పూరీ ఏస్తుండెనా?"

తిరిగొచ్చేటప్పుడు వంతెన దగ్గర ఆటో దిగి నడిచాం. నడుమకు వచ్చాక ఆమె ఆగి, మాస్కు కిందికి జార్చి, రైలింగ్ పట్టుకుని నిలబడింది. గాలికి కొంగు ఎగురుతోంది. నేను రెండడుగుల దూరంలో, కొత్త చోట పిల్లిలా ముడుచుకుని నిలబడ్డాను.

"ఫోన్ల చెప్పేటోడివి, గీ గాలేనా?"

"నేను గీడికి ఎన్నడు రాలే" అన్నాను. ఎన్నాళ్లకో మెల్లగా మాట్లాడాను.

"నాకెరుక" అంది నీళ్లవైపు చూస్తూ. "లోచో పొట్లం ఇప్పిననాడే ఎరుక."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నది మీద పడవ ఏదో పోతుంటే అది ఎటు పోతుందో నాకు చెప్పడం మొదలుపెట్టింది. వింటూ కూడా కుళ్లుకున్నాను. నేను చూడని ఊరిని ఆమె చూసినందుకు కాదు. నాలుగేళ్లు అబద్ధంగా నేను వాడుకున్న మాటలను ఆమె నిజంగా, ఏ కష్టం లేకుండా, అదే గాలిలో నిలబడి వాడుతున్నందుకు.

దీపావళి పోయాక ఊళ్లనుంచి మావాళ్లు తిరిగి రాసాగారు. ఒక్కో షట్టరూ లేచింది. గల్లీల్లోకి మళ్లీ మోత వచ్చింది. మార్కెట్‌కు ఇప్పుడు నేనూ ఆమె వెంట వెళ్తున్నాను. ఆమె ముందు, చీరల మూటతో నేను వెనక. అలా వస్తూ ఒకరోజు మా గల్లీల మొదట్లో ఆగి, మూట దించి, సవాలు విసిరాను.

"ఇగ చూడు. కండ్లు మూసుకుంట. గీన్నుంచి మనింటి దాంక నిన్ను తోల్కపోత."

"ఎవలికన్న తగిలితె?"

"తగిలితె పేరు మార్చుకుంట."

కళ్లు గట్టిగా మూసుకుని, మూట నెత్తికెత్తుకుని, ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను. చిటచిట వెనకబడింది. టకాటకా ఎడమ చెవిలోకి వచ్చింది. బుసబుస వినపడగానే తిరిగాను. ఎవరికీ తగల్లేదు, మురికి కాలువలో కాలు పడలేదు. కాలికి గడప తగలగానే ఆగి కళ్లు తెరిచాను. మా తలుపే. ఎదురుగా మాసీ చప్పట్లు కొట్టింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి ఈ ఊరు నాదనిపించింది. ఛాతీ విరుచుకుని నా భార్య వైపు తిరిగాను.

"ఎట్లుంది?"

ఆమె తాళం తీస్తూ అంది: "మంచిగనే తోల్కొచ్చినవయ్యా. పన్నెండేండ్ల సంది ఊరంత గిట్లనే తిరిగినవ్ గదా."