ఒక ముఖం, యాభై టోపీలు

మా అన్సెల్మ్ తాతకు నలభై రెండేళ్లకే కళ్లు పాడయ్యాయి. కారణం చుక్కలు. 1888లో న్యూయార్క్‌లో, సిగరెట్ పెట్టెల్లో వేసే బొమ్మల అట్టల కోసం, అచ్చు వేసే రాతిపలక మీద కుడిఎడమలు తారుమారు చేసి పొద్దస్తమానం సన్నటి చుక్కలు పెట్టేవాడు. ఆ ఏడాది పని 'లోకంలోని జాతులు', యాభై అట్టలు. జర్మనీ నుంచి వచ్చి ఓడ దిగాక నాలుగు వీధులు దాటని మనిషి యాభై దేశాలు గీయడమా! కిటుకు ఒకటే: పల్చటి కాగితం మీద గీసుకున్న ఒకే ముఖాన్ని ప్రతి రాతి మీదికీ దింపడం. టోపీ మారిస్తే తుర్కీవాడు, కళ్లు సాగదీస్తే చైనావాడు.

అట్టలను పెట్టెల్లో దూర్చేది ఫ్యాక్టరీలో హొనోరా. ఐర్లండ్ పిల్ల, అప్పటికింకా మాకు నానమ్మ కాలేదు. పెళ్లి మాట ఎత్తాలని తాత రెండేళ్లుగా నీళ్లు నములుతున్నాడు. సాయంత్రాలు మెట్ల మీద పక్కన కూర్చుని, "నీ చైనావాడు భలే ఉన్నాడయ్యా" అని ఆమె నవ్వితే, తాతా నవ్వేవాడు.

ముప్ఫై ఒకటో అట్ట ఐరిష్‌వాడిది.

ఈసారి పాత ముఖం పక్కనపెట్టి, హొనోరా అన్నను తలచుకుని గీశాడు. అచ్చుశాల మేస్త్రీ ప్రూయిట్ పెదవి విరిచాడు.

"ఎవడయ్యా వీడు? బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు."

"ఐరిష్‌వాడేనండి."

"ఎవరికి తెలుస్తుంది? దవడ కోతిలా ముందుకు లాగు. చంకలో పందిపిల్లను పెట్టు. కుదరదంటే ఆ రాయి ఇంకొకడికిస్తా."

వాదించే ఓపిక తాతకు పుట్టుకతోనే లేదు. ఇసుక చల్లి, నీళ్లు పోసి, ఆ మంచి ముఖాన్ని తనే అరగదీశాడు. కోతి దవడ గీశాడు.

ఆ అట్టలు ఫ్యాక్టరీకి చేరిన సాయంత్రం హొనోరా కూర్చోలేదు.

"ఇవాళ మావాళ్లను నాలుగు వేలసార్లు పెట్టెలో కుక్కాను. నువ్వే గీశావా?"

"మొదట మీ అన్నను గీశాను. చెరిపించారు."

"చెరిపిన చెయ్యి ఎవరిది?"

తాత చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

"మీ జర్మన్‌వాడి అట్ట ఎప్పుడొస్తుంది?"

"మూడు వారాలకి."

"చూస్తాగా." వెళ్లిపోయింది. ఆ తర్వాత సాయంత్రాలు మెట్ల దగ్గరికి రాలేదు.

జర్మన్‌వాడికి ప్రూయిట్ చెప్పినవి బానపొట్ట, ఎర్రముక్కు, బీరు కూజా. తాతేమో చీపురుపుల్ల, బీరు వాసనకే వాంతి. అయినా తనవాడికి చెప్పినదానికన్నా పెద్ద పొట్టే పెట్టాడు.

మూడు వారాలకు హొనోరా మెట్ల దగ్గరికి వచ్చింది. వేళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నాలుగు వేల పొట్టలయ్యా అన్సెల్మ్! చేతులు పడిపోయాయి."

"ఇంకా పదహారు జాతులున్నాయి."

"అమ్మో!" హొనోరా బూట్లు విప్పింది. "కాస్త జరుగు."