ఆరువందల యాభై వాట్లు

మునీశ్వరిని చూస్తే పగ పెట్టుకునే మనిషి అనిపించదు. ముప్పై ఏడేళ్ళ మనిషి. పుంగనూరు బస్టాండు వెనక సందులో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు నడుపుకుంటుంది. వచ్చినవాళ్ళకు కుర్చీ వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. ఆ నెమ్మదిని చూసి మోసపోకండి. రెండేళ్ళుగా ఆమె పొద్దున లేవగానే తలుచుకునేది దేవుణ్ణి కాదు, మదనపల్లెలో కంప్యూటర్లు అమ్మే దామోదర్‌ని. వాడి షాపు షట్టరు మూతపడాలని, వాడు నలుగురిలో తల దించుకోవాలని, అది తన కళ్ళతో చూడాలని కోరుకుని, ఆ తర్వాతే పళ్ళు తోముకునేది.

ఊరికే పుట్టిన పగ కాదది. మునీశ్వరి నిమ్మనపల్లె దగ్గరి పల్లెలో టమాటా రైతు వెంకటేశులు కూతురు. డిప్లొమా చదివి, దామోదర్ షాపులో పనికి చేరింది. తొమ్మిదేళ్ళు చేసింది. ముందు గదిలో కూర్చుని మాట్లాడేది దామోదర్, వెనక గదిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని కంప్యూటర్లు బిగించేది మునీశ్వరి. మదనపల్లెలో సగం కంప్యూటర్లు ఆమె చేతి మీదుగా పోయినవే. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు. పేరంతా ముందు గదిదే.

దామోదర్ తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. మా వైపు మనిషి ఏ సరుకునైనా ముందు చేత్తో ఎత్తి చూస్తాడు. టమాటా మండీలో క్రేటు ఎత్తి చూస్తాడు. సంతలో గుమ్మడికాయ ఎత్తి చూస్తాడు. బరువుంటే సరుకుందని లెక్క. ఆ లెక్క గుమ్మడికాయకు సరిపోతుంది. కంప్యూటర్‌కు కరెంటు పంచే ఇనప డబ్బాకు సరిపోదు. షాపుల్లో దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. దామోదర్ ఆ డబ్బాను కొనేవాడి చేతిలో పెట్టి, "ఎత్తి సూడప్పా, ఎంత బరువుండాదో" అనేవాడు. కొనేవాడు ఒకసారి పైకీ కిందికీ ఊపి చూసి, తల ఆడించి, డబ్బు తీసేవాడు. ఆ బరువు ఎక్కడిదో దామోదర్‌కు తెలుసు, మునీశ్వరికి తెలుసు. కొనేవాళ్ళకే తెలియదు.

రెండేళ్ళ కిందట కుప్పం నుంచి భానుప్రకాశ్ అనే కుర్రాడు వచ్చాడు. అక్కడ కాలేజీ పిల్లలు గంటకింతని ఇచ్చి ఆటలాడుకునే గేమింగ్ సెంటర్ పెట్టాడు. తన సొంత కంప్యూటర్‌లో ఖరీదైన కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నాడు. కార్డు కొత్తదైతే కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది కాబట్టి, దామోదర్ దగ్గరే ఆరువందల యాభై వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొన్నాడు. మునీశ్వరి బిగించింది. పదకొండో రోజు పెద్ద ఆట మధ్యలో డబ్బా ఠప్పుమని పేలి, పోతూ పోతూ కార్డునూ మదర్‌బోర్డునూ తీసుకుపోయింది.

భానుప్రకాశ్ కాలిన కంప్యూటర్ చంకలో పెట్టుకుని శనివారం పొద్దున మదనపల్లెలో దిగాడు. షాపు నిండా జనం. దామోదర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెనక గదిలోంచి మునీశ్వరిని పిలిచి, అందరి ముందూ నిలబెట్టాడు.

"నాదే తప్పప్పా. ఆడమనిషి చేతికి ఇచ్చినాను సూడు, అదీ నా తప్పు. వైర్లు అటిటు పెట్టుండాది. ఆయమ్మది చెయ్యి మంచిది కాదు."

"నేను వైర్లు సరిగ్గానే పెట్టినాను" అంది మునీశ్వరి.

"నీకు తెలీకుంటే తెలీదని చెప్పేదానికేమమ్మా?" అని భానుప్రకాశ్ అరిచాడు. "మా నాయన పట్టుగూళ్ళు అమ్మిన దుడ్డు అది! నీ మాదిరోళ్ళు పనిలోకొచ్చేదే తప్పు!"

జనం ఆమె చేతులవంక చూశారు. అవును, మొహం వంక కాదు, చేతులవంక. ఆ చూపులు ఆమె ఈనాటికీ మర్చిపోలేదు. దామోదర్ కార్డు ఖరీదులో సగం అక్కడే ఇచ్చి ధర్మాత్ముడు అనిపించుకున్నాడు. సాయంత్రానికి మునీశ్వరిని పనిలోంచి తీసేశాడు.

ఆమె పుంగనూరొచ్చి షాపు పెట్టుకుంటే, ఆ మాట ఆమెకంటే ముందే బస్సెక్కి వచ్చి కూర్చుంది. మునీశ్వరి చెయ్యి పడితే కాలిపోతుందట. ఛార్జర్లు తెచ్చేవాళ్ళు, మౌసులు తెచ్చేవాళ్ళు, ఆధార్ కార్డు జిరాక్సులకు వచ్చేవాళ్ళు. కొత్త కంప్యూటర్ కట్టించుకోవాలంటే మాత్రం ఆమె షాపు ముందు నుంచే నడిచి, మదనపల్లె బస్సెక్కేవాళ్ళు. నడిచిపోయే ప్రతివాణ్ణీ ఆమె చూసేది. చూసి లోపల్లోపల ఉడికిపోయేది. తొమ్మిదేళ్ళ పనితనాన్ని ఒకడు ఒక్క మాటతో మట్టిలో కలిపేశాడు, దానికి వాడికి ఏ శిక్షా లేదు. ఇది ఎవరికైనా కడుపు మండే సంగతే.

ఈ వేసవిలో భార్గవి వచ్చింది. పుంగనూరు పిల్లే, కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతోంది. లాప్‌టాప్ కీబోర్డు మార్పించుకోవడానికి వచ్చి, మాటల్లో మాటగా అడిగింది.

"అక్కా, ఇంట్లో గేమింగ్ పీసీకి కొత్త కార్డు తీసుకుంటాండా. దానికి ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావల్ల?"

రెండేళ్ళలో అలాంటి ప్రశ్న మునీశ్వరిని అడిగినవాళ్ళు లేరు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి చూపించింది.

"కార్డు రెండు వందల ఇరవై తాగుతాది. ప్రాసెసర్ నూట ఇరవై. తక్కినవన్నీ కలిపి అరవై ఏసుకో. నాలుగు వందలు. ఆట ఊపులో ఉన్నప్పుడు కార్డు ఒక్క క్షణం అంతకు మించి లాగుతాది. అందుకని ఇంకో సగం చేర్చుకో. ఆరు వందలు, ఆరువందల యాభై ఉంటే నిశ్చింత."

"స్టిక్కరు మీద ఆరువందల యాభై అని ఉంటే సాలు కదా?"

"సాలదమ్మా. పెద్దక్షరాలు ఎవుడైనా ఏస్తాడు. కింద పన్నెండు వోల్టుల గడి సూడు. కార్డూ ప్రాసెసరూ బతికేది దాని మీదనే. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లు రాసుంటే దాన్ని పన్నెండుతో గుణించు. యాభై ఉంటే ఆరు వందలు, సరుకు ఉండాది. పద్దెనిమిదే ఉంటే రెండు వందల పదహారు. పైన ఏం రాసినా అంతే."

"ఆ గడి కూడా అబద్ధం రాస్తే?"

మునీశ్వరి పెన్సిల్ కింద పెట్టింది. "రాస్తారు. అందుకే ఆ మోడలు కంపెనీవాళ్ళ సైటులో ఉండాదో లేదో సూడు. ఎవరైనా విప్పి, లోడు పెట్టి, పరీక్ష చేసి రాసినారేమో సూడు. ఐదేండ్లు, ఏడేండ్లు వారంటీ ఇచ్చేవాడిది తీసుకో. ఒక్క ఏడాది ఇచ్చేవాడికి వాడి డబ్బా మీద వాడికే నమ్మకం లేదు. బోరు మోటార్లు ఆన్ అయినప్పుడంతా మనకు కరెంటు ఎట్లా ఊగులాడతాదో తెలుసు కదా. బరువు మాత్రం సూడొద్దు."

భార్గవి నవ్వింది. "దామోదర్ సారు బరువే సూడమంటాడక్కా. కుప్పంలో భానుప్రకాశన్న సెంటర్లో పది కంప్యూటర్లకీ కొత్త కార్డులేస్తాండారు. ఎస్‌ఎంపీఎస్‌లన్నీ ఆ సారే ఇస్తాండాడు. ఆదివారం ఆ సారే వచ్చి బిగిస్తాడంట, మా కాలేజీవాళ్ళనందర్నీ పిలిచినారు."

మునీశ్వరికి లోపల సంతోషం పొంగింది. పది కార్డులు. పది డబ్బాలు. జనం. దామోదర్.

భానుప్రకాశ్‌కు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. అలాగైతే పని నిశ్శబ్దంగా ముగిసేది, దామోదర్ ఏదో సాకు చెప్పి వేరే సరుకు పంపేవాడు, వాడి పేరు వాడికి ఉండేది. ఆమెకు అది అక్కర్లేదు. తన్ను ఎక్కడ ఎలా నిలబెట్టాడో, అలాగే వాణ్ణి నిలబెట్టాలి. జనం ముందు, పొద్దున పూట, చేతులవంక చూసేట్టు.

ఆమె భార్గవికి డబ్బిచ్చి శుక్రవారం మదనపల్లె పంపింది. సెంటర్‌కు పోతున్న అదే మోడలు డబ్బా ఒకటి బిల్లుతో సహా తెప్పించుకుంది. సీలు తీయలేదు. ఆదివారం పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని పుంగనూరులో బస్సెక్కింది. పలమనేరు దాటింది, వి.కోట దాటింది. దారిపొడవునా చెప్పవలసిన మాటలు లోపల అనుకుంటూనే ఉంది. ఒక్కో మాటకూ దామోదర్ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుని, పక్క సీటు ముసలమ్మ తన్ను చూస్తోందని కూడా మరిచి నవ్వుకుంది.

కుప్పం సెంటర్లో నలభైమంది దాకా పిల్లలు, వాళ్ళలో భార్గవి కూడా ఉంది. గోడవారగా పది కంప్యూటర్లు, పక్కన దొంతరగా పది డబ్బాలు. దామోదర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని, ఒక డబ్బాను భానుప్రకాశ్ చేతిలో పెడుతున్నాడు. "ఎత్తి సూడప్పా, ఎంత బరువుండాదో."

"దామోదరన్నా, బాగుండావా?" అంటూ మునీశ్వరి ముందుకొచ్చింది.

దామోదర్ గుర్తుపట్టాడు. భానుప్రకాశ్ కూడా గుర్తుపట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తన డబ్బాను బల్ల మీద పెట్టింది.

"మొన్న శుక్రవారం ఈ పాప నీ షాపులో కొనింది. బిల్లు ఇదిగో. ఆ దొంతరలో ఉండేదీ ఇదీ ఒకటేనా, కాదా?"

"ఒకటే. యాల అడగతాండావు?" అన్నాడు దామోదర్. మైకులోనే అన్నాడు, పాపం.

ఆమె సీలు చించి, నాలుగు స్క్రూలు విప్పి, పైరేకు ఎత్తింది. లోపల అరచేతిలో పట్టేంత బోర్డు, దాని పక్కన సబ్బుబిళ్ళంత సిమెంటు ముక్క, గమ్ముతో అతికించి ఉంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని పెకలించి భార్గవి చేతికిచ్చింది. అది నలభైమంది చేతులు మారింది. ఎవరో పకపకా నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఎత్తి సూడండప్పా, ఎంత బరువుండాదో" అంది మునీశ్వరి. ఆ మాట అనడంలో ఉన్న సుఖం నేను చెప్పలేను.

దామోదర్ చెమట తుడుచుకుని తేరుకున్నాడు. నోటిపని తెలిసిన మనిషి కదా. "నాకేం తెలుసప్పా? బెంగుళూరులో సరుకిచ్చేవోడు నన్నూ మోసం చేసినాడు. సీలేసిన డబ్బా, ఎట్లొస్తే అట్లా అమ్ముతా. నేను లోపలికి దూరి సూస్తానా?"

అదీ నిజమే కదా అన్నట్టు వెనక ఇద్దరు ముగ్గురు తలలాడించారు. భానుప్రకాశ్ కూడా ఆలోచనలో పడ్డాడు. మునీశ్వరి ఇంత దూరం వచ్చి, ఇంత చేస్తే, వీడు మళ్ళీ జారిపోతున్నాడు. మళ్ళీ ధర్మాత్ముడు అవుతున్నాడు. ఆమె బస్సులో అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. నోటికి ఏది వస్తే అది వచ్చేసింది.

"అబద్ధం! బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు దీని మీద మూడు వందలే ఉంటాది! ఆరువందల యాభై స్టిక్కర్లు వేరే కట్టగా వస్తాయి! వెనక గదిలో పాతది వేడిగాలితో పీకేసి, కొత్తది అంటించి, సీలేస్తారు. ఈయప్పకు తెలీదంట! తొమ్మిదేండ్లు, లెక్కలేనన్ని, నా చేతుల్తో నేను అంటించినా! ఈయప్ప పక్కన నిలబడి వంకర లేకుండా అంటించమనేవాడు!"

దామోదర్ మొహం మాడిపోయింది. ఆ మొహం చాలు, అందరికీ అర్థమైపోయింది. భానుప్రకాశ్ అతని చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "మీ డబ్బాలు మీరు తీసకపోండి సార్. ఇంకెప్పుడూ కుప్పం రాకండి."

పదీ మోసుకుపోవాల్సి వచ్చింది. దామోదర్, అతని డ్రైవరూ రెండేసి చొప్పున వాన్‌లోకి చేరవేస్తుంటే పిల్లలు వెంటబడి, "బరువుండాదా సార్?" అని ఈలలు వేశారు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. జనం అతని చేతులవంక చూస్తున్నారు. మునీశ్వరి గుమ్మంలో నిలబడి కడుపునిండా చూసింది. రెండేళ్ళలో ఆమెకు అంత ఆకలి ఎప్పుడూ వేయలేదు. ఇంటికి పోయి రెండు పళ్ళేల అన్నం తినాలనిపించింది.

భానుప్రకాశ్ వెనకనుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. క్షమాపణ చెప్తాడని ఆమె సర్దుకుని నిలబడింది. దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది, పెద్దమనసుతో నాలుగు మాటలు.

"నా మిషన్లో పెట్టినావే, దానికి కూడా నువ్వే అంటించినావామ్మా?"

"నేను వైర్లు సరిగ్గానే..."

"వైర్ల సంగతి నేను అడగలేదు."

ఆమె తల దించుకుంది. "అంటించినా" అంది.

"తెలిసే?"

"తెలిసే."

అతను కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు తెలిసిన దారే, తిరిగి అరిచేది. అతను మెల్లగా, ఏదో బరువు దించుకుంటున్నవాడిలా చెప్పాడు.

"ఆ పొద్దు మదనపల్లెలో నిన్ను నలుగురిలో అట్లా అనేసినానే అని, రెండేండ్లుగా మనసు పీకతా ఉన్నిందమ్మా. ఆయమ్మ కూడా బతికే మనిషే కదా, ఊరికే నోరు పారేసుకున్నానేమో అని. పుంగనూరొచ్చి నీకు ఒక మాట చెప్పిపోదామని రెండు మూడుసార్లు అనుకున్నా కూడా." తల ఆడించాడు. "ఇప్పుడు ఆ బాధ పోయింది. సరైన మనిషినే అన్నాను."

అతను లోపలికి పోయాడు. బయట వాన్ స్టార్టయింది, పిల్లలు పెద్దగా కేకలు వేశారు. దామోదర్ కుప్పం వదిలి పారిపోతున్నాడు. అది చూడాలనే రెండేళ్ళు బతికిన మునీశ్వరి, తల ఎత్తి అటువైపు చూడలేకపోయింది.