జల్లు కొట్టే కిటికీ

బావిలో ఈత కొట్టి తెచ్చుకున్న చెవిపోటుతో గద్వాలలో బస్సెక్కాను. కిటికీ అద్దం మూసుకోవడం లేదు. జల్లు నేరుగా నొప్పి చెవికే కొడుతోంది. దురద ఆగక బండి తాళాన్ని చెవిలో పెట్టబోతే, పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు నాయినా. అది పెట్టకు, నూనె గిట్ల పొయ్యకు. చెవు తడవనియ్యకుండ దవాఖానల చూపియ్యి."

బావుల్లో పడిపోయిన మోటార్లను మునిగి పైకి తీయడం ఆయన పనట.

"మరి నీ చెవులెట్ల కాపాడుకుంటవ్ పెద్దనాయినా?"

ముఖం పూర్తిగా నా వైపు తిప్పి విన్నాడు. అది మర్యాద అనుకున్నాను. తల పక్కకు వంచి, చెవితమ్మె మెల్లగా లాగి చూపించాడు. "పైకి రాంగనే గిట్ల నీళ్లు వంపుత. తువ్వాలతోటి పైపైన తుడుస్త. అంతే."

ఆ తర్వాత నన్ను లేపి, కిటికీ పక్కన తాను కూర్చున్నాడు. కొత్తకోటలో దిగేదాకా జల్లంతా ఆయన చెంప మీదే.

"నీ చెవు తడుస్తుంది కదా!" అన్నాను.

"తడవనీ నాయినా. ఇది పుల్లలు పెట్టి పెట్టి ఎప్పుడో పోయింది."