మా చిన్నకోడలి పళ్ల చక్రాలు

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో నా పలకను మాస్టారు తక్కిన పిల్లలకు చూపించేవారు. పెద్దయ్యాక పిండిమర పెట్టాను. మా చుట్టుపక్కల ఆయిలింజను పీకేసి కరెంటు మోటారు బిగించిన మొదటివాడిని నేనే. ఇద్దరు కొడుకుల్నీ ఆ మర మీదే చదివించాను. చివరికి దాన్ని అమ్మేసిన రోజున కూడా కొత్త బెల్టు వేసి మరీ అప్పగించాను. ఇవన్నీ చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయితే ఇప్పుడు రాసేది నా గురించి కాదు, మా ఇంట్లో నా తర్వాత పుల్లీ చేతబట్టిన మనిషి గురించి. కొడుకులిద్దరూ మర వైపు తొంగి చూడలేదు. పట్టింది మా చిన్నకోడలు.

ఆమె పనిచేసేది వంటింటి అల్మారాలు తయారుచేసే కంపెనీలో. ఎవరింటి గోడ ఎంత, సింకు ఎక్కడ, ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నీ కంప్యూటరులో గీసిస్తే, దాని ప్రకారం వడ్రంగులు చెక్క కోస్తారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా సొరుగు మూసుకోదు. అల్మారాలు గీసే చెయ్యి పుల్లీల మీదికి మళ్లడానికి కారణం మా రెండోవాడు.

వాడికి ఆఫీసుకు నడవడమంటే బద్ధకం. స్కూటరు ఎక్కితే ఆపుకునే చోటు దొరకదు. అందుకని ఇంట్లోనే కరెంటు స్కేటుబోర్డు తయారుచేసుకున్నాడు. నిలబడటానికి ఒక చెక్క, కింద నాలుగు చక్రాలు, బ్యాటరీ, మోటారు, చేతిలో చిన్న రిమోటు. మోటారుకు చిన్న పళ్ల చక్రం, బోర్డు చక్రానికి పెద్ద పళ్ల చక్రం, రెంటికీ కలిపి పళ్ల బెల్టు. మా మరలో ఉన్నదీ అదే ఏర్పాటు, కాకపోతే మాది ఇంత పొట్టిది కాదు. ఆ పెద్ద చక్రాన్నే వాళ్లు పుల్లీ అంటారు. వాడు కొన్న బోర్డు చక్రాలకు సరిపడే పుల్లీ ఏ దుకాణంలోనూ దొరకలేదు.

"ఇంత చెక్క తెచ్చి గోడకు ఆనించి పెట్టడానికా?" అంది మా ఆవిడ.

"నేను గీస్తాలెండి అత్తయ్యా," అంది కోడలు.

అన్నట్టే గీసింది. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా వస్తువును పోసే ప్రింటరు ఒకటి కంపెనీలో మూల పడి ఉంటే అడిగి తెచ్చుకుంది. బోర్డు చక్రం మధ్యలో ఉండే ఖాళీల్లోకి పుల్లీ కొమ్ములు సరిగ్గా దిగాలి. మొదటిది వదులై గిలకలా ఆడింది. రెండోది సుత్తి పెట్టినా దిగలేదు. వేడి ప్లాస్టిక్ చల్లారాక ముడుచుకుంటుందనీ, ఎంత ముడుచుకుంటుందో ముందే లెక్కకట్టి గీయాలనీ అప్పుడు తెలిసింది. మూడోదాన్ని బొటనవేలితో నొక్కగానే టక్కున కూర్చుంది. ఆ చప్పుడు విని నేను గదిలోంచి లేచి వచ్చాను. నా చెవికి అలాంటి చప్పుళ్లంటే మహా ఇష్టం.

ప్రింటరు పెట్టడానికి ఇంట్లో చోటెక్కడిది? వాషింగ్ మెషీను పక్కన ఉన్న బల్ల మీద పెట్టింది. మెషీను బట్టలు పిండేటప్పుడు ఆ గదంతా వణుకుతుంది. ఒకసారి ప్రింటవుతున్న పుల్లీ నడుము దగ్గర పక్కకు జరిగి, టోపీ వంకరగా పెట్టుకున్నవాడిలా తయారైంది. అప్పటినుంచి మా ఇంట్లో కట్టుబాటు ఏమిటంటే, ప్రింటరు నడిస్తే ఉతుకు బంద్, ఉతుకు నడిస్తే ప్రింటరు బంద్. "ఇవాళ ఎవరి వంతు?" అని అత్తాకోడళ్లు పొద్దున్నే తేల్చుకునేవారు.

మా వాడి బోర్డు చూసి మరొకడు అడిగాడు, వాడిది చూసి ఇంకొకడు. ఆదివారం పొద్దున్న నీళ్లట్యాంకు దిబ్బ మీద చేరే బోర్డుల బృందమంతా మా కోడలి దగ్గరికే వచ్చింది. ఒక్కొక్కరిది ఒక్కో రకం చక్రం. ఎత్తులెక్కేవాళ్లకు పెద్ద పుల్లీ, పరుగు కావాలనేవాళ్లకు చిన్నది. పుల్లీ పెద్దదైతే లాగే బలం వస్తుంది, చిన్నదైతే వేగం వస్తుంది. ఈ సంగతి నేను చెప్పబోతే, "తెలుసు మామయ్యా, మీరు చెప్పినట్టే గీశాను," అని నవ్వింది. నేనింకా చెప్పనే లేదు.

ఆ బృందానికి పెద్ద ఒక డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఎవరు ఎంత వేగంగా వచ్చినా "బ్రేకు, బ్రేకు" అంటుంటాడు కాబట్టి అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారనే పిలుస్తారు. అందరిలోకీ వయసు ఎక్కువ ఉన్నది రొట్టెల బాబాయికి. వీధి చివర బేకరీ ఆయనదే. తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి కాబట్టి, తడి రోడ్ల మీద బోర్డెక్కి వెళ్లేవాడు.

ఒక ఆదివారం ఈ రొట్టెల బాబాయి దిబ్బ దిగుతూ పడ్డాడు. ఈ బోర్డులకు బ్రేకు కూడా మోటారే వేయాలి. ఆ బ్రేకు చక్రానికి అందాలంటే బెల్టు పుల్లీని పట్టుకుని ఉండాలి. ఆయన బెల్టు కటకటమని పళ్ల మీద జారి, పక్కకు ఊడిపోయింది. బ్రేకు లేదు. మనిషి నేరుగా వెళ్లి పొదల్లో పడ్డాడు. పొదలు మెత్తనివి కాబట్టి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది.

బ్రేకు మాస్టారు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. టీ కూడా తాగాడు. కప్పు కింద పెట్టి, "చూడమ్మా, ముందుకు పోకపోతే దిగి నడుస్తాం. ఆగకపోతే ఏం చేస్తాం? ఎందుకు పోయిందో నువ్వు చెప్పేదాకా నీ పుల్లీలతో ఎవరూ దిబ్బ ఎక్కరు," అన్నాడు.

"ఎక్కొద్దు. నేనైనా అదే చెప్తాను," అంది కోడలు.

ఆయన వెళ్లాక మాత్రం ఆమె ముఖం చిన్నబోయింది. పదిమంది కాళ్ల కింద ఉన్నది ఆమె గీత. వాళ్లకు మళ్లీ ఆ నమ్మకం రాకపోతే ఇక ప్రింటరును కంపెనీ మూలకే తిరిగి పంపేస్తానంది. ఆ మాట అన్నాక అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది.

ఇంట్లో తలా ఒక మాట. "బెల్టు వదులు," అన్నాను నేను. "మీకన్నీ పిండిమరలే," అంది మా ఆవిడ. "బాబాయిది ప్రింటైన రోజు నేను మెషీనులో దుప్పట్లు వేశాను, అప్పుడే వణికి ఉంటుంది." మా రెండోవాడు, "బాబాయి బరువు చూశారా? రోజూ మిగిలిన కేకులన్నీ ఆయనే తింటాడు," అన్నాడు.

కోడలు ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఊడిన పుల్లీని అద్దం మీద పడుకోబెట్టింది. ఒక మూల లేచి ఆడింది. కొలిచి చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డు వాటంగా సాగింది. బృందంలో తక్కిన అందరి పుల్లీలూ తెప్పించి అదే అద్దం మీద పెట్టింది. అన్నీ చదునుగా కూర్చున్నాయి. గీసిన బొమ్మ ఒకటే, పోసిన ప్లాస్టిక్కూ ఒకటే. మరి ఇదొక్కటే ఎందుకు సాగింది?

మర్నాడు పొద్దున్నే, మోచెయ్యి ఎలా ఉందో చూసి రావాలి కదా అని ఇద్దరం బేకరీకి వెళ్లాం. రొట్టెల బాబాయి కట్టు కట్టిన చేత్తోనే పిండి పిసుకుతున్నాడు.

"నాకేం కాలేదమ్మా. పరువే కాస్త గీసుకుపోయింది," అన్నాడు. "ఇక బోర్డు మానేశాను. సైకిలే మేలు."

నేను పిండి రకం గురించి ఆయనతో మాటలో పడ్డాను. పిండి మెత్తదనం వేళ్ల మధ్య పెట్టి చెప్పగలనని ఆయనా ఒప్పుకున్నాడు. కోడలు మాత్రం మా మాటలు వినడం లేదు. పొయ్యి వైపు చూస్తోంది. పొయ్యి పక్క గోడకు, బ్రెడ్డు ట్రేల వరసలో, ఆయన బోర్డు ఆనించి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇక్కడే పెడతారా బాబాయ్?"

"ఇంకెక్కడ పెట్టను? తడిసి వస్తుంది కదా, ఇక్కడైతే తొందరగా ఆరుతుంది."

ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

బయటికి రాగానే నాకు ఏనుగెక్కినంత సంబరం. "దొరికిందిగా. పద, బ్రేకు మాస్టారింటికి. నీ పుల్లీలో లోపం లేదు, ఆయనే దాన్ని రోజూ కాల్చుకు తిన్నాడని చెబుదాం."

"వద్దు మామయ్యా."

"ఎందుకొద్దు?"

"తడిసిన వస్తువును వెచ్చని చోట ఆరబెట్టుకున్నాడాయన. ఎవరైనా అదే చేస్తారు. ఇది వేడికి మెత్తబడుతుందని నేను చెప్పానా? పొయ్యి దగ్గర పెట్టేవాడు ఒకడైతే, ఎండలో కారులో వదిలేసేవాడు రేపు ఇంకొకడు వస్తాడు. అప్పుడు మళ్లీ ఆయన తప్పే అందామా?"

మాట్లాడకుండా ఒక వీధి దాటడం నాకు తేలికైన పని కాదు.

బ్రేకు మాస్టారికి ఆమె ఫోను చేసి, "వేడికి మెత్తబడింది మాస్టారూ. తప్పు నేను వాడిన ప్లాస్టిక్కుది. అందరివీ వెనక్కి తీసుకుంటాను," అని మాత్రమే చెప్పింది. పొయ్యి ఊసు ఎత్తలేదు. నేను కూడా ఎత్తనని నా చేత మాట తీసుకుంది.

వేడికి లొంగని ప్లాస్టిక్ తీగ వేరే ఉంది. దానికి పొగరెక్కువ. గాలి తగిలితే అంచులు లేచిపోతాయి, అందుకని ప్రింటరుకు అట్టపెట్టెతో ఇల్లు కట్టింది. మామూలుదానికంటే ఎక్కువ ముడుచుకుంటుంది, అందుకని కొమ్ముల లెక్కలన్నీ మొదటికి వచ్చాయి. కాలిన వాసనకు కిటికీ తెరిస్తే గాలి వస్తుంది, మూస్తే మా ఆవిడకు దగ్గు వస్తుంది. ఈలోగా ఉతుకు వంతు రానే రాలేదు. బుట్ట నిండి బట్టలు కిందికి దిగాయి. మా రెండోవాడు పెళ్లిళ్లకు దాచుకున్న పట్టుచొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ ఎవరో "ఎవరిదిరా పెళ్లి?" అని అడిగారట.

"నా పెళ్లాం పుల్లీది," అన్నాడట వీడు.

మా ఆవిడ నాలుగు మాటలు అనలేదని చెప్పను. కానీ వాషింగ్ మెషీను ప్లగ్గు తీసి చుట్టి పైన పెట్టింది కూడా ఆవిడే. అలవాటుకొద్దీ ఎవరైనా మీట నొక్కుతారని.

చివరికి ఒకటి కుదిరింది. కోడలు కొత్త పుల్లీని ఒక చేత్తో, పాతరకం పుల్లీని మరో చేత్తో పట్టుకుని బేకరీకి నడిచింది. నేనూ వెంట ఉన్నాను.

"బాబాయ్, ఈ రెండూ మీ గోడ పక్కన కాసేపు పెట్టనిస్తారా? ఒక్కోదాన్ని ఒక్కో చెక్కముక్క మీద మేకుకు గుచ్చి బెల్టు తగిలించాను. బోర్డు మీద ఉన్నట్టే బిగువుగా ఉంటాయి."

"పెట్టు. కానీ పొరపాటున ట్రేలోకి జారితే ఎవరికో అమ్మేస్తాను," అన్నాడాయన.

ఒక వాయి బ్రెడ్డు లోపలికి వెళ్లి, కాలి, బయటికి వచ్చింది. రొట్టెల బాబాయి ట్రే దించి, చేతులు తుడుచుకుని, పుల్లీలు చూశాడు. పాతది బెల్టు లాగిన వైపుకు సాగి ఉంది. కొత్తది పెట్టినట్టే ఉంది. ఆయన పాతదాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత గోడను చూశాడు. తర్వాత గోడకు ఆనించిన బోర్డును చూశాడు.

"అయితే నన్ను పొదల్లోకి తోసింది నా పొయ్యేనన్నమాట."

"కాదు బాబాయ్, నా ప్లాస్టిక్కు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆమె కొత్తదానికి తగిలించిన బెల్టు విప్పసాగింది. నేను పైకప్పు వైపు చూస్తున్నాను.

"ఆ రోజు గోడ మీద చెయ్యి పెట్టినప్పుడేగా," అన్నాడాయన. "మరి మాస్టారితో అనలేదే?" అని నా వైపు తిరిగి, "మీరు కూడా అనలేదా? మీరు?" అన్నాడు. నా గురించి ఊళ్లో ఉన్న అభిప్రాయం అలాంటిది.

ఆయన కొత్త పుల్లీని ఏప్రన్ జేబులో వేసుకున్నాడు. "ఆదివారం దిబ్బ మీద మొదట దిగేది నేను. ఇంకెవడూ ముందు దిగకూడదు."

ఆ ఆదివారం మేమంతా వెళ్లాం, మా ఆవిడతో సహా. బ్రేకు మాస్టారు దిబ్బ కింద రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, దాని అవతల తనే నిలబడ్డాడు. "ఆగకపోతే నన్ను గుద్దుకుంటావు. గుర్తుపెట్టుకో," అని పైకి కేకేశాడు. కోడలు వెళ్లి ఆయన పక్కన నిలబడింది. నేను రమ్మన్నా రాలేదు.

రొట్టెల బాబాయి హెల్మెట్ బిగించుకుని బయలుదేరాడు. మొదట మెల్లగా, తర్వాత ఆయన బరువుకు తగ్గట్టుగా. సగం దాకా కళ్లు తెరిచే చూశాను. అక్కడి నుంచి బెల్టు చప్పుడే విన్నాను. సన్నగా, ఒకే తీరుగా, ఎక్కడా కటకటమనకుండా మోగింది. నలభై ఏళ్లు విన్న చెవి, తప్పు ఉంటే చెప్పేది. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. చూస్తే ఆయన గీతకు ఇవతల, బోర్డు మీదే ఉన్నాడు.

"అమ్మాయి పుల్లీ బాగుంది," అన్నాడు బ్రేకు మాస్టారితో. "మొన్నటిది పోయింది కూడా నా వల్లే. పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టాను. రొట్టెలు కాల్చుకునేవాడికి ఆ మాత్రం తెలియదా అని మీరు నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మళ్లీ మళ్లీ చెప్పను."

అందరూ నవ్వారు. ఆయనే ముందు నవ్వాడు. కోడలు మాత్రం రోడ్డు మీదే కూర్చుని ఆయన చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తోంది. పుల్లీ గోరువెచ్చగానే ఉంది, ఎక్కడా సాగలేదని ఆమె చెప్పాక బ్రేకు మాస్టారు తన బోర్డు తిరగేసి ఆమె ముందు పెట్టాడు. వెనక తక్కినవాళ్లూ వరస కట్టారు.

అప్పుడు మొదలైన అలవాటు ఇప్పటికీ ఉంది. చక్రం కొలిచే ముందే ఆమె ఒక ప్రశ్న అడుగుతుంది: "ఇంట్లో బోర్డు ఎక్కడ పెడతారు?" ఆ రోజు ఒకడు బాల్కనీ అన్నాడు, ఒకడు ఫ్రిజ్ వెనక సందు అన్నాడు. బ్రేకు మాస్టారు కారు డిక్కీలో అని నెమ్మదిగా చెప్పాడు. చివర నిలబడ్డ సంగీతం మాస్టారు మంచం కింద అన్నాడు.

"మంచం కిందైతే వేడేమీ ఉండదు కదా," అంది కోడలు.

"మా ఆవిడ దాన్ని ఇంకా చూడలేదమ్మా," అన్నాడాయన.

ఆయనకు కూడా కొత్తరకం ప్లాస్టిక్కే వేసింది.